లంచాలిచ్చేదే ప్రైవేటు కంపెనీలు కదా, అవి అవినీతిని ఎలా తగ్గిస్తాయి, ప్రజాస్వామ్యానికి ఎలా మేలు చేస్తాయి?

మీరన్నదాంట్లో నిజముంది. పుచ్చుకునేవాళ్లు ఉన్నారంటే ఇచ్చేవాళ్లూ ఉన్నట్టే, పెద్ద మొత్తాలు ఇచ్చేది వ్యాపారాల్లో ఉన్న మేమే. నేను 11 ఏళ్లు ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూశాను. ప్రభుత్వ సంస్థలకు యంత్రాల విడిభాగాలు సరఫరా చేసేవాళ్లం. లంచం అన్న మాట మా పుస్తకాల్లో ఎక్కడా కనపడదు. ‘ఇతర ఖర్చులు’ అని ఒక ఖాతా ఉండేది, అంతే. వోచర్ మీద ‘రవాణా’ అని రాసేదాన్ని, కింద సంతకం నాదే. ఏ బిల్లు పాసైనా దానికి రెండు రోజుల ముందు ఆ ఖాతాలో ఒక పద్దు పడి ఉండేది.

2008లో జర్మనీ కంపెనీ సీమెన్స్ లంచాల కేసు వివరాలు బయటికొచ్చినప్పుడు చదివి ఉలిక్కిపడ్డాను. చెల్లింపులకు అనుమతిచ్చే కాగితాల మీద నేరుగా సంతకం పెట్టకుండా, తర్వాత పీకేయడానికి వీలయ్యే అంటించే చీటీల మీద పెట్టేవారట. చివరికి అమెరికాకు, జర్మనీకి కలిపి దాదాపు 160 కోట్ల డాలర్లు కట్టారు. అసలు జర్మనీలో 1999 వరకు విదేశాల్లో ఇచ్చిన లంచాన్ని ఖర్చు కింద చూపించి పన్ను తగ్గించుకునే వీలుండేది! వాళ్ల చీటీ, నా వోచరు చేసిన పని ఒక్కటే. అందుకే 1977లో అమెరికా తెచ్చిన చట్టం విదేశీ అధికారులకు లంచాలివ్వడాన్ని నిషేధించి ఊరుకోలేదు, కంపెనీలు లెక్కలు ఉన్నదున్నట్టు రాయాలని కూడా చెప్పింది. 2003 నాటి ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందంలో ప్రైవేటు రంగం గురించిన 12వ అధికరణం కూడా దొంగ పద్దుల గురించి గట్టిగానే మాట్లాడుతుంది.

ఒక ఏడాది మా ఓనరు ఇక ఒక్క పైసా ఇవ్వొద్దన్నారు. తర్వాతి బిల్లు ఐదు నెలలు ఆగింది. ఫైలు పైకెళ్లిందంటారు, సారు లీవులో ఉన్నారంటారు, అన్నీ సరిగ్గా ఉంటే ఒక కాగితం తక్కువైందంటారు. జీతాలకు అప్పు తెచ్చాం, ఇద్దరు మనుషులు మానేశారు. మా తర్వాత బిల్లు పెట్టిన పోటీ కంపెనీది మాత్రం పాసైపోయింది. నిజాయితీగా ఉన్నందుకు మేమే నష్టపోతున్నామని నాకు చాలా కోపం వచ్చింది.

అప్పుడు ఓనరు చేసిన పని, ఆ పోటీ కంపెనీ ఆయనకే ఫోన్ చేయడం. ఆయన ఏమన్నారంటే, “మీరు ఇస్తున్నారేమోనన్న భయంతోనే నేనూ ఇస్తున్నానండీ, మీరు నిజంగా ఆపితే నేనూ ఆపుతాను” అని. ఆరు కంపెనీలు కలిసి ఒక ఉత్తరం రాశాం. ఎవరి మీదా ఫిర్యాదు లేదు, ఎవరి పేరూ లేదు. ఏ బిల్లు ఏ తేదీన అందింది, ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉంది, ఆ జాబితా నోటీసు బోర్డులో పెట్టమన్నాం. ఖర్చు లేని పని కాబట్టి పై అధికారి కాదనలేకపోయారు. జాబితా గోడకెక్కాక వరస తప్పించి ఒకరి బిల్లు ముందుకు జరిపితే మిగతా ఐదుగురికీ తెలిసిపోతుంది, అడిగే ధైర్యం అక్కడే తగ్గింది. ఇంకో ఆఫీసులో ఇదే పని చేస్తే అసలు పట్టించుకోలేదు, ఆ ఆర్డర్లు వదులుకున్నాం.

ఓడల కంపెనీలు 2011లో మారిటైమ్ యాంటీ కరప్షన్ నెట్‌వర్క్ అనే అవినీతి వ్యతిరేక కూటమి పెట్టుకున్నదీ ఇలాంటి కారణంతోనే. రేవులో ఓడ ఆగిపోతే ఒక్క కెప్టెన్ ఎంతసేపని కాదనగలడు? అందరూ కాదంటేనే అడగడం కష్టమవుతుంది.

ఇక ప్రజాస్వామ్యం మాట. ఒక అధికారి సంతకం మీదే బతికే వ్యాపారి నోరు విప్పడు, ప్రభుత్వాన్ని విమర్శించే పత్రికకు ప్రకటన ఇవ్వడానికి కూడా భయపడతాడు. ఆ భయం లేని వ్యాపారులుంటే ఏం చేయగలరో 2013లో ఉత్తర ఆఫ్రికా దేశం ట్యునీషియాలో కనిపించింది. పార్టీలు కొట్లాడుకుని దేశం ఆగిపోయే పరిస్థితిలో వ్యాపార, పరిశ్రమల సమాఖ్య, కార్మిక సంఘం, లాయర్ల సంఘం, మానవ హక్కుల లీగ్ కలిసి వాళ్లను చర్చలకు కూర్చోబెట్టాయి, 2015లో ఆ నాలుగింటికీ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2021 తర్వాత అక్కడ పరిస్థితి మళ్లీ దిగజారింది, అది బాధాకరం, అయినా ఆ రోజు వాళ్లు చేసింది చిన్న పని కాదు. మరోపక్క బ్రెజిల్ కంపెనీ ఒడెబ్రెక్ట్, లంచాల కోసమే ఒక విభాగం నడిపి 12 దేశాల్లో చెల్లించినట్టు 2016లో ఒప్పుకుంది. కాబట్టి ప్రైవేటు అన్నంత మాత్రాన శుభ్రమని నేననను.

మీరు ఏదైనా కంపెనీలో ఉంటే ముందు ‘ఇతర ఖర్చులు’ ఖాతా తెరిచి, బిల్లులు పాసైన తేదీలు పక్కన పెట్టుకుని చూడండి. తర్వాత మీ పోటీదారుకు ఫోన్ చేయండి. నేను ఉద్యోగం వదిలిన ఏడాది మా ఖాతాలో స్టేషనరీ, కొరియర్ పద్దులు తప్ప ఇంకేమీ లేవు.