ఒకే మనిషికి రెండు పుట్టిన సంవత్సరాలు

మీ కోడలి పూర్వీకుడు మసాచుసెట్స్‌లో పుట్టింది ఒకచోట 1640, ఇంకోచోట 1641 అని ఉందని టెన్షన్ పడుతున్నారు కదండీ. ఇద్దరు మనుషులు కాకపోవచ్చు. 1752కి ముందు ఇంగ్లండ్‌లో, మసాచుసెట్స్ లాంటి దాని వలస రాజ్యాల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పైగా ప్యూరిటన్లు (అక్కడ స్థిరపడ్డ ఇంగ్లిష్ ప్రొటెస్టెంట్ మతవర్గం) నెల పేరు బదులు తరచూ అంకె వేసేవారు, మార్చి మొదటి నెలగా. కాబట్టి ‘12వ నెల, 1640’ అంటే డిసెంబర్ కాదు, మన లెక్కలో 1641 ఫిబ్రవరి. మీ కాగితంలో నెల ఏముందో ముందు చూడండి.

‘సీనియర్’, ‘జూనియర్’ అని ఉందని తండ్రీకొడుకుల్ని చేసేయకండి. ఊళ్లో అదే పేరున్న పెద్దవాడు, చిన్నవాడు అని మాత్రమే దానర్థం; బాబాయి, అబ్బాయి కావచ్చు, అసలు చుట్టాలే కాకపోవచ్చు. (చాలామంది వంశవృక్షాలు బోల్తా పడేది ఇక్కడే.) ఈ చిక్కు విప్పేది వీలునామాలు, భూమి దస్తావేజులే. ఏ పొలం ఎవరి చేతికి వచ్చిందో పట్టుకుంటూ వెళ్లండి.

ఇక ఆయన పదవుల సంగతి. ‘ఫ్రీమన్’ జాబితాలో పేరుంటే వలస ఎన్నికల్లో ఓటున్నట్టే. 1631 నుంచి 1664 దాకా ఆ హక్కు చర్చి సభ్యులకే, కాబట్టి ఆ ఊరి చర్చి రిజిస్టరు కూడా తిరగేయండి. జనరల్ కోర్టుకు (పేరు కోర్టే కానీ అది ఆ వలస చట్టసభ) ప్రతినిధిగా వెళ్లాడేమో షర్ట్‌లెఫ్ అనే సంపాదకుడు 1853-54లో అచ్చువేయించిన వలస రికార్డుల్లో దొరుకుతుంది.