రెజిన్ ఆగదు, పక్కన మనిషి ఉండాలె

"పడవలు నడిపేటోళ్లకు రిపేరు కాడ అంత దోస్తానా ఎట్ల కుదురుతది?" అని అడిగిండ్రు. ఫైబర్ పడవ అతుకుడు ఒక్కని చేత కాదు, గంతే. మనసులు కలుసుడు తర్వాత ముచ్చట.

కృష్ణ మీద శ్రీశైలం డ్యాం ఎనుక సోమశిల దిక్కైనా, నాగార్జునసాగర్ ఎనుక చందంపేట దిక్కైనా, యార్డంటే షెడ్డూ క్రేనూ అనుకోకుండ్రి. తుమ్మచెట్టు నీడన ఎండిన ఒండ్రే యార్డు. ఎండకాలం నీళ్లు దిగుతుంటే పైకి తేలే రాళ్లే పడవ అడుగును కోస్తయి.

బోర్లేసుడుకే ఆరుగురు కావాలె. అవతలి అంచు కింద పాత టైర్లు పెట్టకుంటే అది నేలకు తగిలి కొత్త పగులు పడ్తది. ఎంసీల్ రుద్ది పైన రంగేసేటోళ్లతోని మాట్లాడుడు దండుగ. పగులు లోపల తడి ఉన్నంత సేపు ఏం పెట్టినా పట్టది, రెండు మూడు రోజులు ఎండాలె. తర్వాత 36 నంబరు గరుకు డిస్కుతోని గ్రైండర్ పట్టాలె. అడుగు మందం 6 మి.మీ. అయితే పగులుకు రెండు పక్కలా 7 సెం.మీ. దాకా వాలుగ చెక్కాలె. గ్రైండర్ పట్టినోని చేతులకు దోస్తు ముందే కొబ్బరినూనె రాస్తడు, లేకుంటే గాజు పొడి రాత్రంత గీకిపిస్తది. చేతులు కడిగేటప్పుడు చన్నీళ్లే పోయాలె.

అసలు పని ఇప్పుడు. రెజిన్ అంటే గాజు నారను పట్టి అతికే జిగురు, హార్డెనర్ అంటే దాన్ని గట్టిపరిచే మందు. మే నెల ఎండల కిలో రెజిన్‌కు హార్డెనర్ 10 మి.లీ. చాలు, చలికాలమైతే 20. అదీ కిలో మొత్తం ఒక్కసారి కాదు, 300 గ్రాములకు మించి కలపొద్దు. తొందరగ గట్టిపడనీకి వేసే కోబాల్ట్ విడిగ ఇస్తే అది ముందు రెజిన్‌ల కలపాలె. హార్డెనర్‌తోని నేరుగ కలిపితే మంటలు లేస్తయి, పేలుతది కూడా. కొందరు దుకాణపోళ్లు రెండూ పేరు లేని సీసాలల్ల పోసిస్తరు, ఏది ఏందో దేవునికే ఎరుక!

కలిపిన పది నిమిషాలకే డబ్బా వేడెక్కి జెల్లీ అయితది. అందుకే ముగ్గురు: ఒకడు కలుపుతడు, ఒకడు చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే గాజు నార మ్యాట్ పరుస్తడు, ఒకడు రోలర్ నడుపుతడు. వంద గ్రాముల మ్యాట్‌కు రెజిన్ 250 గ్రాములు. తెల్ల మచ్చ కనపడ్డదంటే లోపల గాలి ఉన్నట్టు, నడిమి నుంచి అంచుకు తోలాలె. "బావా, ఎడమ దిక్కు తెల్లగున్నది!" అంటే రోలర్ పట్టినోడు తల ఎత్తకుంటనే అటు తిప్పుతడు. ఆ నమ్మకం బడిల కలిసి చదివినా రాదు, నేను రాసిస్తా. ఇట్ల మూడు వరుసలు. ఈ పనికి కూలి లెక్క లేదు, ఇయ్యాల నీ పడవ, రేపు వాని పడవ. గట్టు మీద నిలవడి వీడియో తీసేటోనికి మాత్రం చాయ్ కూడా దండుగ.

తెల్లారి పడవ నదిలకు తోయకుండ్రి. సక్కగ తిప్పి టైర్ల మీద పెట్టి, లోపల పది బిందెల నీళ్లు పోసి, అతుకు కింద చెయ్యి పెట్టి చూడుండ్రి. ఇంకొకటి, పని అయిన వెంటనే రోలర్‌ను ఎసిటోన్‌ల ముంచాలె. మర్చిపోతే పొద్దుగాలకు అది కర్ర లెక్క గట్టిపడ్తది. ఆ రోలర్ ఎవనిదో వాని తిట్లు అవతలి ఒడ్డు దాకా ఇనపడ్తయి.