ఓనరు మోసం చేయకపోయినా అదనపు విలువ ఎలా పుడుతుంది?

“సరుకును ఎక్కువ రేటుకు అమ్మితే ఓనరుకు మిగిలేదే కదా మార్క్స్ చెప్పిన అదనపు విలువ?” అని అడిగారు. కాదండీ. సరుకు సరైన ధరకే అమ్మినా, కూలి సరైన రేటుకే ఇచ్చినా అది పుడుతుందని ఆయన వాదన.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో కొన్నేళ్లు లెక్కలు రాశాను కాబట్టి ఆ పనిలోనే చెబుతా, అంకెలు మాత్రం ఊహించినవి. ఒక మనిషి ఎనిమిది గంటల షిఫ్టుకి రాయి, బ్లేడ్లు, కరెంటు, మిషన్ల అరుగుదల కలిపి 2,400 రూపాయలు అయిందనుకోండి. స్లాబులు 4,000కి పోయాయి. రాయీ మిషనూ తమ ఖరీదును సరుకులోకి ఎక్కిస్తాయే గానీ కొత్త విలువ పుట్టించవంటాడు మార్క్స్. అంటే మిగతా 1,600 ఆ మనిషి శ్రమ కలిపింది, గంటకు 200. అతని కూలి 600, అది మూడు గంటల్లోనే వచ్చేసింది. తక్కిన ఐదు గంటల్లో వచ్చిన 1,000 అదనపు విలువ.

ఇందులో మోసం ఏముంది? ఏమీ లేదు. ఓనరు కొన్నది అతని పనిని కాదు, ఒక రోజుకు పనిచేసే శక్తిని. దాని ధర ఆ కుటుంబం బియ్యం, అద్దె, పిల్లల చదువుల ఖర్చును బట్టి ఉంటుంది. ఆ శక్తిని వాడుకుంటే పుట్టేది ఆ ధర కంటే ఎక్కువ. 1867లో వచ్చిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటానికి గుండెకాయ ఇదే. అదే కూలికి షిఫ్టు పది గంటలకు లాగితే అదనపు విలువ ఇంకా పెరుగుతుంది.

పైగా ఆ 1,000 అంతా ఓనరు జేబులో పడదు. బ్యాంకు వడ్డీ, స్థలం లీజు, ఏజెంటు కమిషను అన్నీ అందులోంచే పోతాయి. కాబట్టి మార్క్స్ లెక్కలో, చేతికి ఏమీ మిగలని ఓనరు దగ్గర కూడా అదనపు విలువ పుట్టొచ్చు. ఈ మాట మా ఓనరుకు చెబితే పెద్దగా నవ్వాడు.

శ్రమే విలువకు మూలమన్న మాటను ఇప్పటి ఆర్థికవేత్తల్లో ఎక్కువ మంది ఒప్పుకోరు. మా బ్లాక్ గెలాక్సీ రాయే చూడండి, చీమకుర్తి చుట్టుపక్కల తప్ప దొరకదు, ఆ రేటు శ్రమను బట్టి వచ్చిందంటే నమ్మలేం. మార్క్స్ కూడా అలా అనడు. అలాంటి అరుదైన నేల మీద వచ్చేదాన్ని మూడో సంపుటంలో కౌలు కింద వేరుగా లెక్కగట్టాడు. ఆ డబ్బు అక్కడ రాయి కోసే మనిషి శ్రమలోంచి పుట్టింది కాదు, వేరేచోట పుట్టిన విలువలోంచి నేల హక్కు ఉన్నవాడి దగ్గరికి మళ్లింది.