ఫైటర్ పైలట్ అవుతానన్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన పెద్ద మెసేజ్ చదివాను. దానికి బొటనవేలితో జవాబు కొట్టడం నా వల్ల కాక కాగితం తీశాను. ఫైటర్ పైలట్ అవ్వాలంటే ఏ పుస్తకాలు కొనాలని అడిగావు. పుస్తకాల సంగతి తర్వాత. ముందు మీ అమ్మ కుట్టుమిషను సొరుగులో ఉన్న టేపు తియ్యి.

ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్లుండే ఫ్లయింగ్ బ్రాంచికి కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తుండాలి. అంటే ఐదడుగుల నాలుగంగుళాలు. కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, తొడ పొడవు 64 దాటకూడదు. ఇదేదో పెళ్లిచూపుల తంతు అనుకోకు. కాళ్లు పొట్టివైతే విమానం ముక్కుని పక్కలకి తిప్పే రడ్డర్ పెడల్స్ అందవు. తొడలు పొడవైతే, ప్రమాదంలో సీటుతో సహా బయటికి ఎగిరిపోవాల్సి వచ్చినప్పుడు మోకాళ్లు ముందున్న ప్యానెల్‌కి కొట్టుకుంటాయి. ఆ తర్వాత కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి సైటు, రంగుల గుర్తింపు రెండూ పరీక్ష చేయించుకో. రంగులు సరిగ్గా కనపడకపోతే ఇక ఆ దారి లేనట్టే. సైటుంటే లేజర్ చేయించేసుకుంటానని మాత్రం అనుకోకు, ఇరవై ఏళ్లు నిండకుండా చేయించుకున్న ఆపరేషన్‌ని వాళ్లు ఒప్పుకోరు. రెండేళ్లు కోచింగుకి డబ్బు పోసి, రాతపరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కి, మెడికల్లో వెనక్కి వచ్చిన పిల్లల్ని చూశాను. ఈ రెండు పరీక్షలూ ఇప్పుడే చేయించుకుంటే ఆ ఏడుపు ఉండదు.

అవి బాగుంటే దారులు సులువుగానే అర్థమవుతాయి. ఇంటర్ ఎంపీసీ కాబట్టి ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాయొచ్చు. ఏడాదికి రెండుసార్లు యూపీఎస్సీ పెడుతుంది, మ్యాథ్స్ 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600. ఆడపిల్లల్ని తీసుకోవడం సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత మొదలైంది, 17 మందితో వాళ్ల మొదటి బ్యాచ్ 2025 మేలో బయటికొచ్చింది. సీట్లు చాలా తక్కువ, ఆ మాట దాచను. రాకపోతే కొంపేం మునగదు. డిగ్రీయో బీటెక్కో చేసి ఎయిర్‌ఫోర్స్ వాళ్లు పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష రాయొచ్చు, ఫ్లయింగ్‌కి 20 నుంచి 24 ఏళ్ల మధ్య అవకాశం ఉంటుంది. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ దొరికితే చేరు. అన్నట్టు, తమ్ముడు ఇంకా ఐదో క్లాసే కదా. కోరుకొండ సైనిక్ స్కూల్ ఆరో క్లాసు పరీక్ష వాడిచేత రాయించమని మీ నాన్నకి చెప్పు. మన ఇంట్లో ఏదైనా ఆలస్యంగానే గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను పైలట్‌ని కాదని నీకు తెలుసు. నేవీలో విమానాల ఇంజన్లు చూసినవాణ్ణి. వైజాగ్‌లోని నేవీ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో, హాక్ అనే శిక్షణ జెట్ విమానాల లైన్ మీద పనిచేశాను కాబట్టి, పైలట్లని పోస్టర్లో కాకుండా చెమటలు కక్కుతుండగా చూశాను. మన వైజాగ్ మే నెల ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? ఆ ఉక్కలో జీ-సూట్ (మలుపుల్లో రక్తం కిందికి దిగిపోకుండా ఒంటిని నొక్కిపట్టే బిగుతు సూటు), హెల్మెట్, గ్లవ్స్ వేసుకుని వస్తారు. నిచ్చెన ఎక్కేముందు విమానం చుట్టూ ఒక రౌండ్ తిరుగుతారు. టైరు మీద చెయ్యి వేస్తారు, ఇంజన్‌లోకి గాలి వెళ్లే మార్గంలోకి వంగి చూస్తారు, మేం పొద్దుటే చూసిందంతా మళ్లీ చూస్తారు. మా మీద నమ్మకం లేక కాదు, పద్ధతి అది. కూర్చున్నాక భుజాల బెల్టులు, నడుం బెల్టు, కాళ్లని సీటుకి పట్టి ఉంచే తాళ్లు, ఆక్సిజన్ పైపు, జీ-సూట్ పైపు, అన్నీ మేం పక్కన నిలబడి బిగించేవాళ్లం. చివర్లో సీటు పేలకుండా ఆపే పిన్నులు తీసి చూపిస్తే, తలూపేసి ఊరుకోరు. వేలితో లెక్కపెట్టుకుంటారు. నిన్న లెక్కపెట్టినవాళ్లే ఇవాళ మళ్లీ లెక్కపెడతారు.

దూకుడున్న కుర్రాళ్లు చాలామందే వచ్చేవారు. వాళ్లలో నిలబడ్డవాళ్లని, జారిపోయినవాళ్లని వేరు చేసింది దూకుడు కాదని నాకనిపిస్తుంది. తప్పు ఎత్తిచూపినప్పుడు ఎవరు ఎలా ఉంటారన్నదే తేడా. గంట ఎగరడానికి ముందు ఏం చెయ్యాలో చెప్పే బ్రీఫింగ్, దిగాక ఏం జరిగిందో చర్చించే డీబ్రీఫ్. గాల్లో చేసిన ప్రతి పొరపాటూ ఆ గదిలో బోర్డు మీదికి వస్తుంది. మంచి స్క్వాడ్రన్‌లో జూనియర్ కూడా లీడర్ పొరపాటు చెప్పొచ్చు, లీడర్ దాన్ని రాసుకుంటాడు. అక్కడ ముఖం మాడ్చుకునేవాళ్లు ఎక్కువకాలం నేర్చుకోలేరు.

నీ విషయంలో నా భయం ఇక్కడే. మొన్న సంక్రాంతికి మీ అమ్మ అరిసెల పాకం ముదిరిందని ఒక్క మాటంటే గది తలుపేసుకున్నావు. అందుకే ఒక పని చెబుతున్నాను, ఈ వారమే మొదలుపెట్టు. మాక్ టెస్టు రాశాక మార్కులు చూడకముందే, నువ్వు ఎక్కడ తొందరపడ్డావో, ఎక్కడ చదవకుండానే టిక్ పెట్టావో సొంతంగా నోట్‌బుక్‌లో రాసుకో. తర్వాత దాన్ని ఇంకొకరిచేత చదివించి, వాళ్లేమంటారో అడ్డు చెప్పకుండా విను. పక్కింటి ఆంటీ అయినా ఫర్వాలేదు.

ఒంటి సంగతి కూడా చెప్పాలి. విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు తొమ్మిది జీ దాకా వెళ్తుంది, అంటే మన బరువు తొమ్మిది రెట్లవుతుంది. నువ్వు 55 కిలోలుంటే ఆ క్షణంలో 495 కిలోలన్నమాట. తల, హెల్మెట్ కలిపి ఆరు కిలోలనుకుంటే మెడ మోయాల్సింది 54. రక్తం తలనుంచి కిందికి దిగిపోతుంది. ముందు రంగులు పోతాయి, తర్వాత చూపు అంచుల నుంచి చీకటవుతుంది, ఆ తర్వాత స్పృహే పోతుంది. జీ-సూట్ గాలితో ఉబ్బి కాళ్లనీ పొట్టనీ నొక్కుతుంది కానీ అదొక్కటే చాలదు. కాళ్లు, పొట్ట బిగబట్టి, మూడేసి సెకన్లకొకసారి చటుక్కున ఊపిరి మార్చుకోవాలి. అందుకే బీచ్ రోడ్డులో పరుగొక్కటే చాలదు. గుంజీలు, బరువులు, నడుముకి బలాన్నిచ్చే వ్యాయామాలు చెయ్యి. టిఫిన్ ఎగ్గొట్టి కాలేజీకి పరిగెత్తడం మానుకో. ఒంట్లో నీళ్లు తక్కువైనా, ఖాళీ కడుపైనా జీని తట్టుకునే శక్తి ఇట్టే పడిపోతుంది.

రాతపరీక్ష తర్వాత ఆఫీసర్లని ఎంపిక చేసే ఇంటర్వ్యూ, ఎస్‌ఎస్‌బీ, ఐదు రోజులుంటుంది. నేవీ బోర్డు ఒకటి మన వైజాగ్‌లోనే ఉంది. ఒక్కో మాటకి పదిహేను సెకన్లు ఇచ్చి అరవై మాటలకి వాక్యాలు రాయమంటారు. ఇంత వేగంలో బట్టీ పట్టిన మంచితనం నిలబడదు. కోచింగ్ సెంటర్లు అమ్మే రెడీమేడ్ జవాబులకి డబ్బు తగలెయ్యకు. ఇంగ్లీషులో తడబడకుండా మాట్లాడటం మాత్రం ఇప్పటినుంచే అలవాటు చేసుకో. పైలట్ల కోసం పెట్టే కంప్యూటర్ పరీక్షని ఎన్నిసార్లంటే అన్నిసార్లు రాయనివ్వరు. నిద్ర లేకుండా, జ్వరంతో వెళ్లి దాన్ని పాడుచేసుకోవద్దు.

ఎంపికైనా ఫైటర్లే దక్కుతాయన్న గ్యారంటీ లేదు. ఎయిర్‌ఫోర్స్ అయితే దుండిగల్‌లో మొదటి దశ శిక్షణ తర్వాత ఫైటర్లు, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్లు అని విడదీస్తారు. మన బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన టీయూ-142 ఉంది కదా, అది ఫైటర్ కాదు, గంటలకొద్దీ సముద్రం మీద సబ్‌మెరైన్లని వెతికిన విమానం. 29 ఏళ్లు పనిచేసి 2017లో రిటైరైంది. దాన్ని నడిపినవాళ్లని తక్కువగా చూసిన ఫైటర్ పైలట్ నాకు ఒక్కడూ తారసపడలేదు. ఇంకోటి, ర్యాంకు పెరిగేకొద్దీ ఫైళ్లు పెరుగుతాయి, ఎగరడం తగ్గుతుంది. ముప్పై దాటాక ఏం చేస్తావని ఎవరైనా అడిగితే నవ్వి తోసెయ్యకు.

ప్రమాదాల మాట మీ అమ్మ అడుగుతుంది. ఉండవని నేను చెప్పను, నువ్వూ చెప్పకు. సీటు పేల్చుకుని బయటపడ్డవాళ్లకి కూడా ఒక్కోసారి వెన్నుపూసలు దెబ్బతింటాయి. మిగ్-21లు 2025 సెప్టెంబరు 26న రిటైరయ్యాయి కానీ, ఎగిరే పనిలో ప్రమాదం వాటితోనే పోలేదు. “ఆడపిల్లకి ఇదేం పని” అంటే మాత్రం జవాబు మన ఊళ్లోనే ఉంది. నేవీలో ఫైటర్ స్ట్రీమ్‌కి ఎంపికైన మొదటి మహిళ, సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా, 2025 జులై 3న వింగ్స్, అంటే పైలట్ బ్యాడ్జి, అందుకున్నది డేగాలోనే. ఎయిర్‌ఫోర్స్‌లో అయితే 2016లోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఆ పని చేశారు.

మీ నాన్న ఖర్చు గురించి అడుగుతాడు. సివిల్ పైలట్ చదువులా లక్షలకి లక్షలు పొయ్యక్కర్లేదు, చివరి ఏడాది శిక్షణలో నెలకి 56,100 రూపాయల స్టైపెండ్ వాళ్లే ఇస్తారు. బావకి ఈ ఒక్క ముక్క చాలు. వాళ్లకి చెప్పకుండా ఫారం నింపేద్దామన్న నీ ఐడియా మాత్రం మానుకో. ఎస్‌ఎస్‌బీకి వెళ్లేటప్పుడు, అక్కడ దెబ్బ తగిలితే బాధ్యత మాదేనని ఒప్పుకునే రిస్క్ సర్టిఫికెట్ మీద అమ్మో నాన్నో సంతకం పెట్టాలి.

ఎన్‌డీఏ మొదటి నోటిఫికేషన్ మామూలుగా డిసెంబరులో వస్తుంది. ఈలోగా కంటి రిపోర్టు ఫొటో తీసి నాకు పంపు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తున్నానని అమ్మకి చెప్పు, బావతో నేను మాట్లాడతాను. చేపల పులుసు పెట్టమను.

ఇట్లు,
మీ మావయ్య