బటన్లు చేతికి తెలియాలి

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అబ్బాయికి 26 ఏళ్లు. నెలలు నిండకుండా పుట్టాడు. చూపు లేదు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు స్వాధీనంలో ఉండవు, ఆ చేతి వేళ్లు ముడుచుకునే ఉంటాయి. కుడిచెయ్యి బాగానే ఉంది గానీ తొందరగా అలిసిపోతుంది. మాట కాస్త ముద్దగా వస్తుంది. చెవి మాత్రం చాలా చురుకు. రేడియోలో పాట వస్తుంటే ఎక్కడ ఏ వాద్యం మోగిందో చెప్పేస్తాడు. పక్కింటి పిల్లల బొమ్మ కీబోర్డు మీద ఒంటిచేత్తో పాటలు పట్టేస్తున్నాడు. సొంతానికి మంచిది కొందామని షాపుకి తీసుకెళ్లాం. వాళ్లు చూపించినదానికి బటన్లే లేవు, అంతా అద్దంలా నున్నగా ఉంది. వేలు తగిలితే చాలు, ఏదో ఒకటి మారిపోతోంది. షాపతను ఎంతసేపూ నాతోనే మాట్లాడాడు, వీడిని ఒక్క మాట అడగలేదు. ఇంటికొచ్చాక చాలాసేపు వీడు నోరు విప్పలేదు. మన ఊరి వీణ ఉండగా కీబోర్డెందుకు అంటున్నారు చుట్టాలు. మా ఆయనది చిన్న ఉద్యోగం. వీడికి పింఛను 6,000 వస్తుంది. ఏం కొనాలి, ఎలా చూసి కొనాలి?
– ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: అమ్మా, కొనేది మీరే అయినా వాయించేది మీ అబ్బాయి. 26 ఏళ్లవాడు, తన చెవికి ఏం కావాలో తనకి తెలుసు. కాబట్టి ఇది ముందు అతనికి చదివి వినిపించండి. ఈసారి షాపుకి వెళ్లినప్పుడు మీరు ఒకడుగు వెనక నిలబడండి. షాపతను మిమ్మల్ని అడిగితే, ‘మా అబ్బాయిని అడగండి బాబూ’ అనండి. మాట ముద్దగా వచ్చినా పరవాలేదు, వాళ్లే ఆగి వింటారు.

ఎవరు అడిగినా నేను చెప్పే పరీక్ష ఒక్కటే. ఎవరినీ పిలవకుండా తనే స్విచ్ వేసుకుని, కావలసిన టోన్, అంటే ఏ వాద్యం గొంతు పలకాలో అది పెట్టుకుని, వాయించుకుని, కట్టేసుకోగలగాలి. ఎన్ని వందల టోన్లున్నాయి, ఎన్ని రిథమ్‌లున్నాయి అనేది ఆ తర్వాతే. ప్రతిసారీ ‘అమ్మా, ఇది మార్చు’ అని పిలవాల్సి వస్తే, ఎంత ఖరీదైనదైనా నాలుగు రోజుల్లో మూలకి చేరుతుంది.

వీణ సంగతి. గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి చేసే ఆ వీణంటే నాకూ ప్రాణమే. మైనం మీద నిలబెట్టిన 24 మెట్లూ వేలికి తెలుస్తాయి, చూపు లేకపోవడం దానికి పెద్ద అడ్డం కాదు. కానీ మెట్ల మీద తీగని నొక్కేది, లాగి గమకం పలికించేది ఎడమ చేతి వేళ్లు. ముడుచుకున్న వేళ్లతో ఆ పని చేయించడం బిడ్డని బాధపెట్టడమే. చుట్టాలు ప్రేమతోనే అన్నారు, అయినా వద్దు. హార్మోనియానికీ ఇదే ఇబ్బంది. కుడిచేత్తో వాయిస్తుంటే ఎడమచెయ్యి తిత్తి ఊదాలి. పద్యనాటకాల్లో వాడే కాలి హార్మోనియం ఉంది గానీ దాన్ని కాళ్లతో ఎడతెగకుండా తొక్కుతూ ఉండాలి. బొమ్మ కీబోర్డు దగ్గర మీ అబ్బాయి తనకి తగిన వాద్యాన్ని తనే కనిపెట్టుకున్నాడు. ఆ దారినే వెళ్దాం.

61 మీటలు ఉన్నది, మీటలు మామూలు సైజులో ఉన్నది చూడండి. చిన్న మీటలవి ఒంటిచేతికి ఎక్కువ దూరం అందుతాయి, నిజమే. కానీ వేళ్ల మీద పట్టు తక్కువున్నవాళ్లు ఒకటి నొక్కబోయి రెండు నొక్కేస్తారు. రెండు రకాలూ అతని చేతికే ఇచ్చి చూడండి. పియానోలా బరువు మీటలున్నవి వద్దు, అలిసిపోయే చేతికి తేలిక మీటలే మేలు. కాసియో, యమహాల్లో ఇలాంటివి 10,000 నుంచి 20,000 లోపు దొరుకుతాయి.

షాపులో మొదట మీటలు కాదు, పైన ఉన్న బటన్లు తడిమించండి. ప్రతి బటనూ పైకి ఉబ్బి ఉండాలి. వేలు ఆనిస్తే ఊరుకోవాలి, నొక్కితేనే పనిచెయ్యాలి. మీకు చూపించిన నున్నటి టచ్ ప్యానెల్‌లో లేనిది ఇదే. చూపులేని మనిషికి తడమడమే చూడడం. తడిమినప్పుడల్లా సెట్టింగు మారిపోతే ఇంకెలా వాడతాడు? తర్వాత వాల్యూమ్ చూడండి. తిప్పే నాబ్ గానీ జరిపే మీట గానీ ఉంటే మంచిది, ఎంతలో ఉందో చేతికి తెలుస్తుంది. టోన్ మార్చడానికి ఫోనులో మాదిరి అంకెల బటన్లున్న మోడల్ అడగండి. వేణువు నంబరు, వయొలిన్ నంబరు ఒకసారి కంఠతా పడితే తెరతో పని ఉండదు. గుండ్రంగా తిరుగుతూనే ఉండే డయల్ అయితే ఎక్కడ ఆగిందో తెర చూస్తేనే తెలుస్తుంది.

ఇంకొకటి. అక్కడే ఆపేసి మళ్లీ ఆన్ చేయించండి. చాలా చిన్న కీబోర్డులు ఎప్పుడు ఆన్ చేసినా పియానో టోన్‌తోనే మొదలవుతాయి. కళ్లున్నవాళ్లకి ఇది చిరాకు, మీ అబ్బాయికి వరం. ఎక్కడో తప్పిపోతే ఆపి మళ్లీ వేస్తే చాలు, తెలిసిన చోటికి వచ్చేస్తాడు. కాసేపు వాయించకపోతే తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు కూడా వీటిలో ఉంటుంది. అది తెలియక పాడైపోయిందని టెన్షన్ పడతారు. దాన్ని తీసేసే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది, షాపులోనే తీయించుకోండి. కొంచెం పెద్ద మోడళ్లలో రిజిస్ట్రేషన్ మెమరీ అని ఉంటుంది. ఎవరైనా ఒకసారి కూర్చుని టోన్, రిథమ్, వేగం అన్నీ పెట్టి భద్రపరిస్తే, తర్వాత ఒక్క బటన్‌తో అన్నీ వచ్చేస్తాయి. డబ్బు సరిపోతే నేను టోన్ల లెక్క వదిలేసి దీనికే ఓటేస్తాను.

ఇంటికి తెచ్చాక గుర్తులు పెట్టాలి. బొట్టుబిళ్లలు, స్టిక్కర్లు చెమటకి ఊడిపోతాయి. బట్టల మీద డిజైన్లు వేసే త్రీడీ అవుట్‌లైనర్ ట్యూబు ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతుంది. దాంతో చుక్క పెట్టి రాత్రంతా ఆరనిస్తే గట్టిపడి వేలికి తగులుతుంది. ఆన్ బటన్‌కి ఒక చుక్క, అంకెల్లో 5కి ఒక చుక్క, టోన్ బటన్‌కి ఒక అడ్డగీత, రిథమ్‌కి ఒక నిలువుగీత, అంతే. అన్నిటికీ పెట్టేస్తే ఏదీ గుర్తుండదు. మీటలకైతే మధ్య స్థాయి ‘సి’ ఒక్కదానికి చాలు, అంటే కీబోర్డు మధ్యలో రెండు నల్లమీటల గుంపుకి ఎడమ పక్కనే ఉండే తెల్లమీట. అదీ పైన కాదు, మన వైపు ఉండే ముందు అంచు మీద. పైన పెడితే వాయించేటప్పుడు వేలికి అడ్డం వస్తుంది. మిగతావన్నీ నల్లమీటలే చెబుతాయి, రెండు ఒక గుంపు, మూడు ఒక గుంపు. ఎక్కడ పెట్టాలో అతన్నే అడిగి, అతని వేలు పట్టుకుని పెట్టండి.

ఒంటిచేతి వాయింపుకి కీబోర్డులోనే సాయాలున్నాయి. టచ్ రెస్పాన్స్ అనే సెట్టింగు వేసి ఉంటే, మెల్లగా నొక్కిన స్వరం మెల్లగా, గట్టిగా నొక్కింది గట్టిగా వస్తుంది. చెయ్యి అలిసినప్పుడు పాట మధ్యలో స్వరాలు మింగేసినట్టు అవుతుంది. దాన్ని తీసేస్తే ఎలా నొక్కినా ఒకేలా పలుకుతుంది. అలవాటయ్యాక మళ్లీ వేసుకోవచ్చు. కుడికాలు బాగుంది కాబట్టి సస్టెయిన్ పెడల్ కొనండి. చెయ్యి ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేలోపు స్వరం తెగకుండా ఆ పెడల్ పట్టి ఉంచుతుంది.

మీ అబ్బాయిలాగే ఎడమచెయ్యి పట్టులేని కుర్రాడొకడు నా దగ్గర నేర్చుకున్నాడు. కీబోర్డుకి ఎడమ పక్కన పిచ్ బెండ్ వీల్ ఉంటుంది, స్వరాన్ని పైకీ కిందకీ జార్చే చక్రం. అతను ముడుచుకున్న పిడికిలినే చిటికెన వేలి వైపు నుంచి ఆ చక్రానికి ఆనించి, ముంజేతిని కొంచెం కొంచెంగా ముందుకీ వెనక్కీ నెట్టేవాడు. కుడిచెయ్యి ఒక్క గాంధారం మీద నిలిచి ఉండగా, ఆ పిడికిలి కదలికకి గాంధారం ఊగేది. వేళ్లతో చెయ్యలేని పని ముంజేయి చేసింది. అందుకే వీలైతే పిచ్ బెండ్ వీల్ ఉన్న మోడలే చూడండి. ఆ చేతిని ఒళ్లో ఖాళీగా కూర్చోబెట్టకండి.

స్టాండు దగ్గర జాగ్రత్త. షాపులో ‘ఎక్స్’ ఆకారం స్టాండు అంటగడతారు. మోకాళ్లు దాని అడ్డకడ్డీలకి తగులుతాయి, వీల్‌చెయిర్ అయితే దగ్గరికే రాదు. కింద ఖాళీగా ఉన్న గట్టి బల్ల చాలు. కీబోర్డు కింద రబ్బరు చాప వెయ్యండి, ఒక వైపు నుంచే నొక్కుతుంటే జరిగిపోకుండా ఉంటుంది. వినడానికి బ్లూటూత్ స్పీకరు పెట్టకండి, మీట నొక్కిన కాసేపటికి శబ్దం వస్తుంది, తాళం తప్పుతుంది. వైరున్న హెడ్‌ఫోనే మంచిది.

పాతదైనా పరవాలేదనుకుంటే ఆర్కెస్ట్రా వాళ్లని అడగండి. సిరిమానోత్సవానికి విజయనగరంలో ఎన్ని బృందాలు వాయిస్తాయో మీకు తెలుసు. వాళ్లు కొత్తవి కొనుక్కుని పాతవి అమ్ముతుంటారు. ప్రతి మీటా, ప్రతి బటనూ మీ అబ్బాయే నొక్కి చూడాలి, చెడిన మీట మనకంటే ముందు అతనికే వినిపిస్తుంది.

ఫోనులో పియానో యాప్ చాలదా అంటారు కొందరు. ఆండ్రాయిడ్‌లో తెర చదివే టాక్‌బ్యాక్ వేసి ఉంటే ఒక వేలు తాకడం అంటే ‘ఇదేంటో చెప్పు’ అని అర్థం, వాయించడం కాదు. ఐఫోన్‌లో తెర చదివే వాయిస్‌ఓవర్‌తో గరాజ్‌బ్యాండ్ అనే సంగీతం యాప్ బాగా నడుస్తుంది గానీ, అక్కడా వేలికి తగిలేది నున్నటి అద్దమే. ఖరీదైన కీబోర్డుల్లో నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల కంప్లీట్ కంట్రోల్ అని ఉంది, తాకిన బటన్ పేరు పలుకుతుంది. అయితే కంప్యూటర్‌కి కలిపితేనే పలుకుతుంది, ఇప్పుడే అంత ఖర్చు అక్కర్లేదు. రేపు పాటలు కట్టి రికార్డు చెయ్యాలని ముచ్చటపడితే, విండోస్ కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ పెట్టుకోవచ్చు, అది తెలుగు కూడా చదువుతుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒసారా అనే ఉచిత అనుబంధం కలిపితే చూపులేనివాళ్లు కీబోర్డు షార్ట్‌కట్లతోనే పూర్తి పాట తయారుచేస్తున్నారు. రీపర్‌ని 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు.

డబ్బు విషయం. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఉన్నాయా చూసుకోండి. చూపు ఒక్కటే రాసి ఉంటే, చెయ్యీ కాలూ కూడా కలిపి బహుళ వైకల్యంగా రాయించుకోండి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో దానికి చోటుంది. దివ్యాంగులకి సహాయ పరికరాలిచ్చే కేంద్రం వాళ్ల ఏడిప్ పథకం కింద చూపులేనివారికి స్మార్ట్‌ఫోన్ వంటివి ఇస్తున్నారు. విజయనగరంలో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో క్యాంపు ఎప్పుడో కనుక్కోండి. ఫోను అక్కడ వస్తే, దానికి పెట్టాల్సిన డబ్బు కీబోర్డుకి మిగులుతుంది. పింఛను మీద వాయిదాల కొనుగోలు మాత్రం వద్దమ్మా, ఆ 6,000 మందులకీ ప్రయాణాలకీ కావాలి.

గురువు కోసం మన విజయనగరం సంగీత కళాశాలలో అడగడానికి మొహమాటపడకండి. 1919లో విజయరామ గజపతిరాజు గారు ఆ కళాశాల పెట్టింది గంగబాబు అనే చూపులేని అబ్బాయి సంగీతం నేర్చుకోవడం కోసమేనని మా ఊళ్లో చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. చూపు సరిగా ఆనని ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే వయొలిన్ పాఠం చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. అలాంటి గడప మీ అబ్బాయికి పరాయిది కాదు. కీబోర్డు పాఠమే దొరక్కపోయినా, వారానికొకసారి స్వరజ్ఞానం చెప్పేవాళ్లు ఒకరు దొరికినా ఎంతో మేలు.

ప్రశ్న: పలాస నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి 20 ఏళ్లు, చూపు లేదు. భజనల్లో పాడుతుంది. తన పాట తనే రికార్డు చేసుకోవాలంటుంది. ఫోనులో చేస్తే గట్టిగా పాడినచోట పగిలినట్టు వస్తోంది. ఏం కొనాలి?
– ఒక తండ్రి

జవాబు: ముందు ఖర్చు లేని పని చెయ్యండి. ఫోనుని నోటికి మూరెడు దూరంలో, కొంచెం పక్కకి పెట్టి పాడించండి. తాళాలు, డోలక్ ఉన్నవైపు కాకుండా పెట్టండి. సగం పగుళ్లు అక్కడే పోతాయి.

అయినా చాలదంటే జూమ్ కంపెనీవి హెచ్1 ఎసెన్షియల్, హెచ్4 ఎసెన్షియల్ అనే రికార్డర్లున్నాయి. 2024లో వచ్చాయి. చూపులేనివాళ్ల కోసం మెనూని పలికి చెబుతాయి, తెలుగులో కాదు, ఇంగ్లీషులో. వాడే మాటలు కొన్నే, ఒక పూటలో పట్టుబడతాయి. ఇవి 32-బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డు చేస్తాయి కాబట్టి లెవెల్ ముందే సరిచూసుకోనక్కర్లేదు. గట్టిగా పాడినచోట తర్వాత తగ్గించుకోవచ్చు, పాట చెడదు. మీటరు ముల్లు చూడలేని అమ్మాయికి కావలసింది సరిగ్గా ఇదే. ఒంటరిగా పాడుకోవడానికి హెచ్1 చాలు. భజన బృందం మొత్తానికి వేరే మైకులు కలపాలంటే హెచ్4. మెమరీ కార్డు విడిగా కొనాలి. చిన్న మైక్రో ఎస్‌డీ కార్డు కాబట్టి తీసి పెట్టడం అమ్మాయి చేత్తోనే రెండు మూడుసార్లు చేయించండి, ఎటు తిప్పి పెట్టాలో వేలికి గుర్తుండిపోతుంది.