మా బిడ్డ ఇస్లామిక్ స్టడీస్ చదువుతానంటోంది, పంపాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నా పేరు సైదులు, ఆర్టీసీలో కండక్టర్ని. మా బిడ్డ నల్లగొండలో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. పోయినేడు కాలేజీలో పీర్ల పండుగ మీద ప్రాజెక్టు చేసింది. అప్పటి సంది అదే ధ్యాస. డిగ్రీ అయినంక ఇస్లామిక్ స్టడీస్‌లో ఎం.ఏ. చేస్తనంటోంది. మేం హిందువులం. అది ముస్లింల చదువు, మనకెందుకంటే వినదు. మా బామ్మర్ది 'అక్కడ మతం మార్పిస్తరు' అని మా ఇంటామెను భయపెట్టిండు. బీఎడ్ చేసి టీచర్ అయితే చాలని నా ఆశ. ఏం చేయమంటరు సార్?

జవాబు: సైదులు గారూ, ముందు మీ పేరు సంగతి మాట్లాడనివ్వండి. జాన్‌పహాడ్ మీకు దూరమేం కాదు. జనవరిలో ఉర్సుకు మీ డిపో బస్సులు కిక్కిరిసి పోవడం మీరు చూసే ఉంటారు. పిల్లలు కావాలని ఆ దర్గాకు మొక్కుకోవడం, పుట్టినంక ఆ పేరు పెట్టుకోవడం మన దగ్గర ఎన్ని తరాల ముచ్చటో. సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి, సైదా నాయక్... పాలకవీడు, నేరేడుచర్ల, హుజూర్‌నగర్ వైపు ఏ ఓటరు జాబితా తీసినా ప్రతి పేజీలో కనిపిస్తారు. 'సయ్యద్' అన్న అరబ్బీ మాటకు, మనం రాముడిని రాములు అని గౌరవించినట్టే, ఒక 'లు' చేర్చి మన ఇళ్లల్లో పెట్టుకునే పేరు చేసుకున్నాం. మీ అమ్మాయి చదువుతానంటున్నది పరాయి ఇంటి సంగతి కాదు. తన తండ్రికి ఈ పేరు ఎట్లా వచ్చిందో తెలుసుకునే చదువు.

ఇక మతం మార్పిస్తారన్న భయం. ఇక్కడ రెండు వేర్వేరు చదువులు ఒకటిగా కలిసిపోయాయి. ఆలిమ్‌లను (మత పండితులను), ముఫ్తీలను (ఫత్వా ఇచ్చేవాళ్లను) తయారుచేసే చదువు ఒకటి, హైదరాబాద్‌లో జామియా నిజామియా లాంటి చోట జరిగేది. అది మతవిద్య. ఆ మతం వాళ్లు తమ ధర్మాన్ని నేర్చుకునే చోటు. విశ్వవిద్యాలయంలో ఇస్లామిక్ స్టడీస్ వేరు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో ఈ తేడా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. మతవిద్యకు థియాలజీ ఫ్యాకల్టీ విడిగా ఉంది, ఇస్లామిక్ స్టడీస్ శాఖ మాత్రం సోషల్ సైన్సెస్ ఫ్యాకల్టీలో ఉంది. ఖురాన్ అక్కడా చదువుతారు, ఇక్కడా చదువుతారు. అక్కడ ఎట్లా ఆచరించాలని, ఇక్కడ ఎప్పుడు ఎవరు ఎట్లా అర్థం చేసుకున్నారని.

మీ బిడ్డ చేసిన ప్రాజెక్టునే తీసుకుందాం. కర్బలా ఇరాక్‌లో ఉంది. అక్కడ 680లో ఇమామ్ హుస్సేన్‌ను చంపారు. ఆ దుఃఖం మన ఊళ్లో అలావా గుండం దాకా, బెల్లం కలిపిన మలీద దాకా, ఎర్రటి దట్టీలు కట్టిన పీరీల దాకా ఎట్లా నడిచి వచ్చింది? మొహర్రంలో మాతం, అంటే గుండెలు బాదుకుంటూ శోకించడం, ప్రధానంగా షియాల ఆచారం. మన పల్లెల్లో ఉన్న ముస్లింలు ఎక్కువమంది సున్నీలు. పీరీని ఎత్తుకునేది చాలాచోట్ల హిందువు. ఈ మూడింటికీ పొత్తు ఎక్కడ కుదిరింది? గోల్కొండను 1518 నుంచి 1687 దాకా ఏలిన కుతుబ్‌షాహీలు షియాలు, మొహర్రంను పోషించింది వాళ్లే అని చరిత్ర కొంత చెబుతుంది. అయితే రాజు పోషించినంత మాత్రాన ఊరు ఎత్తుకోదు. వాళ్లు పోయి మూడు వందల ఏళ్లు దాటినా ఊరు ఇంకా ఎందుకు ఎత్తుకుంటోంది? ఇట్లా అడగడం నేర్పేదే ఈ చదువు. ఖమ్మం నేల నుంచి వెళ్లిన మన కవి అఫ్సర్ అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప మీద, అక్కడి పీర్ల పండుగ మీద ఇట్లాంటి పరిశోధనే చేశారు. ఇప్పుడు అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. అంటే మీ అమ్మాయి పట్టుకున్న అంశం చిన్నదేమీ కాదు.

ముస్లిం కానివాళ్లు ఈ చదువులో ఉండటం కొత్త కూడా కాదు. ఖురాన్‌ను తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కాదు. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 1952లో ఇస్లామిక్ స్టడీస్ సంస్థను నెలకొల్పిన విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ క్రైస్తవ మతబోధకుడు. చదివాడు, చదివించాడు, చివరిదాకా క్రైస్తవుడిగానే ఉన్నాడు. మీ బామ్మర్ది గారికి కోపం తెచ్చుకోకుండా ఈ మాట చెప్పండి. ఆయనది బిడ్డ మీద ప్రేమే, తెలియక పుట్టిన భయం.

మీరు భయపడాల్సింది నిజంగా ఒకటుంది. అది మతం కాదు, భాష. ఉర్దూ, అరబ్బీ, ఫార్సీల్లో కనీసం ఒకటి గట్టిగా, ఇంకొకటి పనికి వచ్చేంతగా రాకుండా ఈ ఎం.ఏ. చేస్తే చేతిలో పట్టా తప్ప ఏమీ మిగలదు. ఎవరో ఇంగ్లీషులో రాసిందాన్ని తిరిగి ఇంగ్లీషులో రాయడమే అవుతుంది. ఇంత కఠినంగా ఎందుకు చెబుతున్నానంటే, భాష పక్కన పెట్టి పట్టా పుచ్చుకొని నా దగ్గరికి వచ్చిన పిల్లల్ని చూశాను. తెలివికేం తక్కువ లేదు, పని మాత్రం దొరకలేదు.

భాష వస్తే ఏమవుతుందో కూడా చూశాను. దేవరకొండ దగ్గర ఒక రైతు ఇంట్లో అన్నదమ్ముల పంచాయితీ. ఇనుప పెట్టె అడుగు నుంచి ఒక కాగితం తీశారు. మడతల దగ్గర చిరిగితే వెనక నుంచి ప్లాస్టర్ అంటించారు. నిజాం కాలం నాటి మున్తఖబ్, అంటే ఇనాం భూమి హక్కు పత్రం, అని వాళ్ల తాత చెప్పేవాడట, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. మసీదు నుంచి పెద్దాయన్ని పిలిచారు. రోజూ ఉర్దూ పేపరు చదివే మనిషి. ముద్ర చదివాడు, తారీఖు చదివాడు: ఖుర్దాద్ 1347 ఫసలీ. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దానికి 590 గానీ 591 గానీ కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అంటే 1938. ఆ తర్వాత ఆయన వేలు ఆగిపోయింది. ఆ రాత షికస్తా, అక్షరాలన్నీ ఒకదాంట్లో ఒకటి చొచ్చుకుపోయే గొలుసుకట్టు. శిస్తు లెక్కలేమో అంకెల్లో కాకుండా రఖం గుర్తుల్లో ఉన్నాయి. చివరికి పట్నం పోయి, అవి చదవగల ఒక ముసలాయన్ని వెతికి చదివించుకొచ్చారు. ఆ వయసు వాళ్లు ఇంకెంతమంది ఉన్నారు? నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇట్లాంటి పెట్టెలు ఎన్ని ఇళ్లల్లో ఉన్నాయి? సేత్వార్లు (పాత భూమి సర్వే రికార్డులు), ఇనాం సనదులు (ఇనాం ఇచ్చిన పత్రాలు), దర్గాల వక్ఫ్ కాగితాలు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అయితే మొగల్ కాలపు ఫార్సీ కాగితాలే లక్షకు పైగా ఉన్నాయి. చదివేవాళ్లు కావాలి. తెలుగు ఇంట పుట్టి, మన ఊళ్లు, మన పొలాల పేర్లు తెలిసి, ఆ లిపి కూడా చదవగలిగిన అమ్మాయి ఎంత అరుదో ఆలోచించండి.

ఎక్కడ చదవాలన్న దానికి మీరు ఢిల్లీ దాకా చూడనక్కరలేదు, పట్నంలోనే అన్నీ ఉన్నాయి. ఉస్మానియాలో ఇస్లామిక్ స్టడీస్ శాఖ ఉంది, అక్కడి పీజీ సీట్లకు సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. అదే ఆవరణలో 1888 నాటి దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. అరబ్బీ రాతప్రతులను సరిచూసి అచ్చు వేస్తుంది, దాని పుస్తకాలు అరబ్ దేశాల పండితులు వాడతారు. గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఈ ఎం.ఏ. ఉంది. బోధన ఉర్దూలోనే కాబట్టి ఉర్దూ చదువుకున్నట్టు రుజువు అడుగుతారు, మీ అమ్మాయికి ఇప్పటికిప్పుడు అది కుదరదు. ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో అరబిక్ నేర్చుకోవచ్చు. బయటికి పంపగలిగితే అలీగఢ్, ఢిల్లీలో జామియా మిలియా ఉన్నాయి. హైదరాబాద్ మనిషే, డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా, ఉస్మానియాలో చదివి, జర్మనీలో బాన్ నుంచి ఒక డాక్టరేటు, పారిస్ నుంచి ఇంకొకటి తెచ్చుకొని, ఖురాన్‌ను ఫ్రెంచిలోకి అనువదించారు. ఆ పరంపర మన ఊరి నుంచే మొదలైంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ అమ్మాయి మనసు గ్రంథం మీద ఉంటే, అంటే హదీసు (ప్రవక్త మాటలు, చేతలు), ఫిఖ్ (ధర్మశాస్త్రం), తత్వం చదవాలని ఉంటే, ఇస్లామిక్ స్టడీసే చేయాలి. మీ ఉత్తరం చదివితే ఆమె మనసు మనుషుల మీద ఉన్నట్టు అనిపిస్తోంది. ఎవరు పీరు ఎత్తుతారు, ఎవరు ఏ పాట పాడతారు, ఏ ఇంటి నుంచి మలీద వస్తుంది. అట్లాంటప్పుడు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చరిత్రో, ఆంత్రోపాలజీయో చేసి, పక్కన ఉర్దూ, ఫార్సీ నేర్చుకొని, పీహెచ్‌డీ ఈ అంశం మీద చేయడం మేలు. చరిత్ర పట్టాకు లెక్చరర్ పోస్టులు ఎక్కువ, పోటీ పరీక్షల్లోనూ అక్కరకొస్తుంది. చేరేముందు ఈ రెండిట్లో ఏది తనదో ఆమెనే తేల్చుకోనివ్వండి.

ఉద్యోగాల సంగతి దాచను. ఇస్లామిక్ స్టడీస్ లెక్చరర్ పోస్టులు దేశంలో కొన్ని విశ్వవిద్యాలయాల్లోనే ఉన్నాయి, నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్‌లో ఈ సబ్జెక్టు 'అరబ్ కల్చర్ అండ్ ఇస్లామిక్ స్టడీస్' పేరుతో ఉంటుంది. అందులో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. ఇల్లు గడవడానికి అది ఆసరా, అమ్మాయిలకు వయసు సడలింపు ఐదేళ్లు. ఎం.ఏ. నుంచి పీహెచ్‌డీ దాకా ఏడెనిమిదేళ్లు పెట్టుకోండి. బోధన కాకుండా చూస్తే, భాష ఉన్నవాళ్లకు ఆర్కైవ్స్, మ్యూజియంలు, పురావస్తు శాఖకు నాగపూర్‌లో ఉన్న అరబ్బీ, ఫార్సీ శాసనాల విభాగం ఉన్నాయి. అరబిక్ ధారాళంగా మాట్లాడితే హైదరాబాద్ పెద్ద ఆసుపత్రుల్లో యెమెన్, ఒమన్ రోగుల పక్కన దుబాసీ పని, మాదాపూర్ కంపెనీల్లో అరబిక్ పని దొరుకుతాయి. అవి ఈ పట్టా ఇచ్చే ఉద్యోగాలు కావు, భాష ఇచ్చేవి. పత్రికల్లో కూడా ముస్లిం సమాజం గురించి రాసేవాళ్లు కావాలి. దేశంలో ముస్లింల స్థితిగతుల మీద 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక చదివి అర్థం చెప్పగలిగే విలేకరులు తెలుగులో ఎంతమంది ఉన్నారో మీరే చెప్పండి. ఇంకోటి, ప్రపంచ ముస్లింలలో అరబ్బులు ఐదో వంతే. అందరికంటే ఎక్కువమంది ఉన్నది ఇండోనేషియాలో. ఈ చదువును గల్ఫ్ వీసాగా చూడకండి.

బీఎడ్ ఎటూ పోదు. బీఏ ఉంటే సోషల్ మెథడాలజీతో ఎడ్‌సెట్ రెండేళ్ల తర్వాతైనా రాయొచ్చు. ఇప్పుడే బలవంతంగా బీఎడ్‌లో పడేస్తే మనసులో ఉన్నది మానదు, టీచర్‌గా కూడా సగం మనిషే అవుతుంది.

కాబట్టి ఇప్పుడు 'సరే' అనకండి, 'వద్దు' అని కూడా అనకండి. ఆరు నెలలు గడువు పెట్టండి. జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి ఏడాది ఉర్దూ డిప్లొమా నడుపుతుంది, అందులో చేర్పించండి. చివరి సంవత్సరం పరీక్షలతో పాటు నడుస్తుంది. రోజుకు ఒక గంట చాలు. ఆరు నెలల్లో ఉర్దూ పేపరు మొదటి పేజీ తడబడుతూనైనా చదివితే మనసు నిజంగా అక్కడ ఉందని మీకూ తెలుస్తుంది, ఆమెకూ తెలుస్తుంది. అప్పుడు అప్పు చేసైనా చదివించండి అని నేనే చెబుతాను. నెల తిరక్కుండానే పుస్తకం మూలకు పడితే, పోట్లాట లేకుండా బీఎడ్ మాట తనే ఎత్తుతుంది.

మొదటి రోజు పాఠం మీరు దగ్గర కూర్చోని చూడండి. తెలుగులో మనకు 'స' ఒక్కటే. ఉర్దూలో అదే చప్పుడుకు సే, సీన్, సువాద్ అని మూడు అక్షరాలు. సాహెబ్ సువాద్‌తో మొదలవుతుంది. సయ్యద్ సీన్‌తో. మీ పేరు ఏ అక్షరంతో రాయాలో మీ బిడ్డను కనుక్కొమ్మనండి. రాసినంక ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపండి.