నుదుటి గడ్డ తీయిస్తే మచ్చ పడుతుందా?

నొప్పి లేని గడ్డకు ఆపరేషన్ అవసరమా, మచ్చ మిగులుతుందా అని అడిగారు. అది ఏ గడ్డో తేలితే సగం టెన్షన్ పోతుంది.

నుదుటి మీద ఎక్కువగా కనిపించేవి మూడు. మెత్తగా ఉండే కొవ్వు గడ్డ లైపోమా. చర్మానికి అంటుకుని, ఒక్కోసారి మధ్యలో నల్లటి చుక్కతో ఉండేది ఎపిడర్మాయిడ్ సిస్ట్. రాయిలా గట్టిగా, కదలకుండా ఉంటే ఎముక మీద పెరిగిన ఆస్టియోమా కావచ్చు. ఇవి పెరగకుండా, ఇబ్బంది పెట్టకుండా ఉంటే వదిలేయవచ్చు.

తీయాలంటే చాలావరకు గడ్డ ఉన్న చోట మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. నుదుటి ముడతల వెంబడి అడ్డంగా కోస్తే మచ్చ ఆ గీతలో కలిసిపోతుంది. సిస్ట్‌ను తిత్తితో సహా తీయాలి, గోడ ముక్క మిగిలితే మళ్ళీ వస్తుంది. అందుకే ఇంట్లో పిండొద్దని గట్టిగా చెబుతాను. నుదుటి లైపోమా తరచూ కనుబొమలు ఎత్తే కండరం కింద ఉంటుంది, డాక్టర్ అనుకున్నదానికంటే లోతుగా వెళ్ళాల్సి రావచ్చు. ఆస్టియోమాను ఉలితో గాని డ్రిల్‌తో గాని చెక్కేస్తారు. జుట్టులోపల చిన్న గాట్లు పెట్టి ఎండోస్కోప్‌తో (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో) తీస్తే ముఖం మీద మచ్చే ఉండదు.

కుట్లు సాధారణంగా 5 నుంచి 7 రోజుల్లో విప్పుతారు. కనుబొమ పై నుంచి నెత్తి వైపు వెళ్ళే నరం కదిలితే కొన్నాళ్ళు తిమ్మిరి ఉండొచ్చు. తీసిన ముక్కను బయాప్సీకి పంపమని అడగండి.

పిల్లలకు నుదుటి మధ్యలో గడ్డ ఉంటే మాత్రం స్కాన్ లేకుండా కత్తి పెట్టనివ్వకండి. కొన్ని గడ్డలకు పుర్రె లోపలికి దారి ఉంటుంది.